అవుట్‌బై శబ్దానికి శ్రీరాంపూర్ టీక

మూలం: “ఇన్‌బైకి ఎవ్వలు పోవద్దు. అందరు అవుట్‌బైకి రావాలె.”

అవతారిక: సింగరేణి బొగ్గుగనుల శ్రీరాంపూర్ ఏరియాలో ఒకానొక ఇంక్లైన్‌లో, డీపిల్లరింగ్ (వదిలిన బొగ్గు స్తంభాలను తీసే పని) నడుస్తున్న ప్యానెల్‌లో, కప్పును కర్రతో తట్టి డొల్ల చప్పుడు విన్న మైనింగ్ సర్దారు నోట వెలువడిన వాక్యమిది. గట్టి కప్పయితే కర్రకు ఖంగుమని పలుకుతుంది; పొర విడితే బోలుగా మోగుతుంది. ఛందస్సు లేదేమని అడగరాదు. కవికి అంత వ్యవధి లేదు.

ప్రతిపదార్థం: ఎవ్వలు = ఎవరును; పోవద్దు = వెళ్లరాదు; రావాలె = రావలయును; ఇన్‌బైకి = బొగ్గు తీసే ఫేసు దిక్కుకు; అవుట్‌బైకి = గని నోటి దిక్కుకు.

టీక: చివరి రెండూ దుర్ఘట పదాలు. లండన్ వీధిలో అడిగినా తెల్లమొహమే వేస్తారు. స్కాట్లండు, నార్తంబర్లాండ్, డర్హమ్ బొగ్గు సీమల పలుకుబడి ఇది. “బై” ఏమిటన్న దానిపై పూర్వపక్షాలు మూడు. సెలవు పుచ్చుకునే బై అని ఒకరు. అది చెల్లదు. ఆ గుడ్‌బై “దేవుడు నీకు తోడుండుగాక” అన్న దీవెన అరిగి అరిగి మిగిలిన ముక్క. “ఏం బై” లోని బై అని మరొకరు. సర్దారు ఓవర్‌మన్‌ను అలా పిలిచి చూస్తే సందేహం తీరుతుంది. మూడోది మాత్రం గడుసుది. బొగ్గుగనిని మనవాళ్లు బాయి అంటారు. కనుక ఇన్‌బై అంటే బాయి లోపల, అవుట్‌బై అంటే బాయి బయట అని. వ్యుత్పత్తి పూర్తిగా తప్పు, అర్థం ఇంచుమించు ఒప్పు. ఇలాంటి చోట మెదకు సీమవాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి ఏం చేసేవాడో గానీ, మేం చూసీచూడనట్టు వదిలేస్తున్నాం.

సిద్ధాంతం: బై అంటే పక్క, చెంత. అయితే చిక్కు ఇక్కడే ఉంది. ఉత్తర ఇంగ్లండు కొండల్లో రైతుకు ఇన్‌బై భూమి అంటే ఇంటి చెంత రాతిగోడ కట్టుకున్న పొలం. అదే విశేషణం గనిలో దిగేసరికి ఇంటికి బహుదూరమైన చోటును చెబుతోంది. విరోధమా? కాదు. రైతుకు లోపల అంటే ఇల్లు, గనికి లోపల అంటే ఫేసు.

ఇంత తిప్పలు ఎందుకు, తూర్పు పడమర అనరాదా అంటే, ఆర్కే-7 గనిలోనైనా ఎస్సార్పీ-3 గనిలోనైనా కింద సూర్యుడు లేడు. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో బొగ్గు స్తంభాలను వదిలి నిలువునా అడ్డంగా గ్యాలరీలు తోలుతారు. ఒక జంక్షన్‌కు పక్క జంక్షన్ కవల. కుడి ఎడమలు మనిషి వెనుదిరిగితే తారుమారు. డిప్పు, రైజు ఏటవాలును మాత్రమే చెబుతాయి. ఎటు తిరిగి నిలుచున్నా మారక, బయటి దారి చెప్పేది ఈ జంట ఒక్కటే. మంచి గాలి ఇన్‌బైకి పోతుంది, వాడిన గాలి అవుట్‌బైకి వస్తుంది. బెల్టు మీద బొగ్గూ అటే. స్తంభాలను ప్యానెల్ చివరి నుంచి తీస్తూ వెనక్కి వస్తారు గనుక, కూలడానికి వదిలిన గోఫ్ ఇన్‌బై వైపే నోరు తెరుచుకుని ఉంటుంది. మూలంలో నిషేధం ముందు, విధి తర్వాత ఉండటం అందుకే.

1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ యెల్లందులో బొగ్గు తవ్వకం చేపట్టింది. 1920లో అది సింగరేణి అయింది. దొరల గని పరిభాష అలా మన కొంపకొచ్చింది. 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్‌ను 2017లో తిరగరాసినా ఈ మాట జోలికి పోలేదు.

వ్యాకరణ విశేషం: ఇంగ్లిషులో విశేషణమో క్రియావిశేషణమో అయినా మన సర్దారు దానికి “కి” ప్రత్యయం తగిలించి నామవాచకం చేశాడు. అపశబ్దమనేవారు కప్పు కింద నిలబడి అనాలి.

తాత్పర్యం: ఉరకండి.

ప్రక్షిప్తం: ఇదే వాఙ్మయంలో “ప్లేడే” అను మరో శబ్దం కలదు. పేరుకు ఆటరోజు, అంటే వారపు సెలవు. పడేది డ్యూటీ. జీతం డబుల్ కనుక దానికోసం పోటీ. అర్థం కంటే మస్టరే ప్రధానమైన ఈ పదానికి టీక వచ్చే షిఫ్టువారు రాయగలరు.