నాణేల క్లబ్బు నోటీసుకు టీకా తాత్పర్యం

మూలం: ‘రెండో ఆదివారం ఉదయం పది గంటలకు సభ్యులు కలవాలి. నాణేలు వెంట తెచ్చుకోవాలి. తోమి తేవద్దు. అంచు పట్టుకునే చూడాలి. టీ ఇవ్వబడును.’

టీక: పది గంటలకు, అనగా పదకొండుకు. ముందుగా వచ్చి కూర్చునేవాడు కొత్త సభ్యుడు. అందరికన్నా ఆలస్యంగా వచ్చేవాడి సంచిలో అమ్మకానికి ఏదో ఉందని పెద్దలు గ్రహిస్తారు.

నాణేలు: జేబులోని చిల్లర కాదు. తెలుగు నేల మీద క్లబ్బు బల్ల అంటే శాతవాహనుల నాణేలు ఉండాల్సిందే. బంగారం కాదు, సీసం, పోటిన్. రాగిలో తగరం, సీసం కలిపితే పోటిన్. ఒకవైపు తొండమెత్తిన ఏనుగు, వెనక ఉజ్జయిని చిహ్నం, చుట్టూ బ్రాహ్మి లిపి.

అసలు పేచీ ఈ లిపి దగ్గరే. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది కావడంతో రాజుగారి పేరు సగం బయటే పోతుంది. శాతకర్ణులు చాలామంది కాబట్టి ‘గోతమిపుతస’ అని తల్లి పేరు ఉంటే ఎవరో తేల్చడం కాస్త సులువు. తీరా చూస్తే అమ్మ పేరే అంచు దాటిపోయి ‘సాతకణిస’ ఒక్కటీ మిగిలి ఉంటుంది. గౌతమీపుత్రుడని పూర్వపక్షి, వాసిష్ఠీపుత్రుడని సిద్ధాంతి. భూతద్దం చేతులు మారుతుంది, అభిప్రాయాలు మారవు.

ఇలా ఒకరి మూలంపై మరొకరు వ్యాఖ్య రాసే పద్ధతికి పూర్వాచారం ఉంది. 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తెంబిలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. కానీ మూడింట రెండు వంతుల వాటిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. పాత ముఖాన్ని చెరపకుండానే దాని మీద కొత్త గుర్తు! పరుల మూలంపై ఇంత గట్టిగా వ్యాఖ్య రాసినవాడు మల్లినాథసూరితో సహా ఎవరూ లేరు.

తోమి తేవద్దు: ఇది ఇల్లాళ్లను ఉద్దేశించిందని కొందరంటారు, తప్పు. చింతపండు దట్టంగా పట్టించి నాణేన్ని తళతళలాడించేది ఎక్కువగా ఇంటి యజమానులే. పచ్చగానో నల్లగానో పట్టిన పొరతోపాటు నాణెం వయసుకు సాక్ష్యమూ, దాని ధరా కొట్టుకుపోతాయి. సీసమైతే పులుపుకు అసలే ఆగదు.

అంచు పట్టుకుని: చెమట ముఖానికి తగలకుండా. గూఢార్థం వేరు. మూసలో పోసిన దొంగ నాణేనికి అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉండవచ్చు, ఒంటి మీద బుడగల గుంటలు ఉండవచ్చు. ఇద్దరు సభ్యుల నాణేలు ఒకే చోట పగిలి, ఒకే వైపు ఒరిగి కవలల్లా కనబడితే ఆ పూట సభ మౌనం వహిస్తుంది.

నోటీసులో లేని మాట: ‘ఎక్కడ దొరికింది?’ ఇది లోపమే. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేలపై వంశ స్థాపకుడు సిముకుడి పేరును శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వెలుగులోకి తెచ్చాక శాతవాహనుల తొలి నెలవు గురించిన చర్చ మలుపు తిరిగింది. చోటు తెలియకపోతే ఆ నాణెం అంత పని చేసేది కాదు. అడిగితే మాత్రం ‘మా తాతగారిది’ అనే జవాబే ఎక్కువ. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. ఇచట శ్లేష: కొందరు ఈ మాటను నాణేల కలెక్టరుకే అన్వయించుకున్నట్టున్నారు.

టీ: బిస్కెట్టును లాక్షణికంగా సూచిస్తుంది. గంటసేపు సీసం పట్టుకున్న వేళ్లతో తినరాదు, సీసం విషం. కనుక ముందు హస్తప్రక్షాళనం విధి. సబ్బు ఎవరు తేవాలో మూలం చెప్పదు. కోశాధికారి అని కార్యదర్శి, కార్యదర్శి అని కోశాధికారి.