గజవాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

………………
గుర్‌ర్‌ర్‌ర్‌
కిచ్ కిచ్
ఘీఁ! దబ్.

అవతారిక

ఈ వాక్యం అపౌరుషేయం. కర్త మనిషి కాదు గనక ఇక్కడ ఆ మాట అక్షరాలా చెల్లుతుంది. పుట్టిన చోటు పలమనేరు దాపున కౌండిన్య అడవి అంచు. కాలం పొద్దుగూకిన తరువాత. సందర్భం, మర్నాడు మదనపల్లె మార్కెట్టుకు పోవలసిన టమోటా తోట. 1980లలో హోసూరు వైపు నుంచి ఏనుగులు ఈ గుట్టల్లోకి వచ్చి ఇక్కడే నిలిచిపోయాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం వెలిసింది. విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. ఈ అంకె ఏనుగులకు ఎవరూ చదివి వినిపించలేదు కాబోలు, పొలిమేర దాటుతూనే ఉంటాయి.

ఛందస్సు మాట ఎత్తకపోవడం మేలు. యతి లేదు. ప్రాస కుదిరిందో లేదో తేల్చేంత సేపు అక్కడ నిలబడిన పండితుడు లేడు.

ప్రతిపదార్థం

"………………": ఇది లేఖకప్రమాదం కాదు, చెదలు తిన్న తాటాకూ కాదు. పాదం ఉంది, మన చెవికి అందదు, అంతే. సెకనుకు 20 కంపనాలకు దిగువన మనిషి చెవి తలుపు మూసేసుకుంటుంది. 1984లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో, ఆసియా ఏనుగుల దగ్గర నిలబడిన కేటీ పేన్ అనే పరిశోధకురాలికి గాలి అదురుతున్నట్టు తోచింది. శబ్దం మాత్రం లేదు. చిన్నతనంలో ప్రార్థనామందిరంలో పాడుతూ పెద్ద ఆర్గాన్ గొట్టం పక్కన నిలబడినప్పుడు ఒళ్ళు ఇలాగే అదిరేదని ఆమెకు గుర్తుకు వచ్చింది. తరువాత టేపు మీద పట్టి, వేగం పెంచి వింటే మౌనమనుకున్నదంతా మాటలే. 14 నుంచి 24 కంపనాల మధ్య నడిచే ఆ పిలుపుల సంగతి 1986లో అచ్చయింది. మనవాళ్ళు తరతరాలుగా ఏనుగు పక్కన నడిచారు, ఏనుగెక్కి ఊరేగారు. మొదటి పాదం మాత్రం పోర్ట్‌లాండులో దొరికింది.

దీని వ్యాప్తి ఎంత? నమీబియాలోని ఎటోషా మైదానాల మీద లెక్క కట్టారు. పొద్దుగూకాక నేల చల్లబడి, పైన వెచ్చని గాలిపొర కప్పులా నిలుస్తుంది. అప్పుడు ఒక్క పిలుపు 300 చదరపు కిలోమీటర్ల మేర వినిపించవచ్చునట. అంటే కౌండిన్య అడవికి కొంచెమే తక్కువ. అక్కడ చదును, ఇక్కడ గుట్టలు, కనుక ఆ లెక్క ఇక్కడ యథాతథంగా చెల్లదు. అయినా మాపటివేళ తోటలో కనబడిన ఒంటి ఏనుగు నిజంగా ఒంటరిదని నమ్మేవారి ధైర్యానికి నమస్కారం.

"గుర్‌ర్‌ర్‌ర్‌": పై పాదంలో మన చెవి అంచుకు తగిలిన ముక్క. దీనిమీద వివాదం ఉంది.

పూర్వపక్షం: పిల్లి గురగురలాడినట్టు ఏనుగు కూడా గొంతు కండరాలను మాటిమాటికి బిగించి వదలడం వల్ల ఈ నాదం పుడుతుంది.

సిద్ధాంతం: కాదు. బెర్లిన్‌లో సహజంగా చనిపోయిన ఒక ఏనుగు స్వరపేటికను తీసి, వియన్నాలో క్రిస్టియన్ హెర్బ్‌స్ట్ బృందం దానిలోకి గాలి ఊదింది. చచ్చిన గొంతులో కండరాన్ని బిగించేవారెవరూ లేరు. నాదం పలికింది. మనం పాడినప్పుడు ఆడే స్వరతంత్రులే ఏనుగుకూ ఆడతాయని 2012లో తేలింది. తంత్రి ఎంత పొడుగైతే స్వరం అంత కిందికి దిగుతుంది. పుంగనూరు ఆవు మూడడుగులకే ఎదగడం మానుకుంది గనక దానికి ఈ మంద్రం అబ్బదు. అది అంబా అంటుంది, మనకు వినబడుతుంది, వ్యాఖ్యాతకు పని ఉండదు.

"కిచ్ కిచ్": అంత దేహంలోంచి ఇంత చిన్న శబ్దమా, ఇది ఎలుక చేసిన ప్రక్షిప్తమని శంకించవద్దు. నేపాల్‌లో ఏనుగులను పరిశీలించినవారు 2021లో ప్రకటించినది ఇది: కొన్ని ఆసియా ఏనుగులు పెదవులు బిగబట్టి, కొమ్ముబూర ఊదేవాడిలా వాటి మధ్యనుంచి గాలి నెట్టి ఈ కీచుమాట పలుకుతాయి. ఉద్రేకంలో, కలవరంలో వస్తుంది. ఆఫ్రికా ఏనుగులకు ఈ విద్య రాదు.

"ఘీఁ": తొండంలోంచి ఊదినది. అందరికీ తెలిసినది ఇదొక్కటే, సినిమావాళ్ళ పుణ్యమా అని. "దబ్": తొండం నేలకు కొట్టడం. విరామచిహ్నమని కొందరు. ఎదురుగా నిలబడినవారికి అది పూర్ణవిరామం.

విశేషాంశాలు

అమరకోశకర్త అమరసింహుడు ఏనుగు అరుపునంతా బృంహితమన్న ఒక్క పేరుతో సరిపెట్టాడు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారు ముదుమలై అడవిలో అడవి ఏనుగుల పలుకులు పట్టి, 2009లో నాలుగు జాతులుగా విడదీశారు: గురగుర, కీచు, గర్జన, ఘీంకారం. నిఘంటుకారుడికి పొలం కాపలా లేదు, అందుకే ఒక్క పేరు చాలింది.

ఇక మనుషుల ప్రత్యుత్తరం. "మామా, ఏనుగులు వచ్చిండాయి, టపాసు అంటించు!" అన్న కేకతో మొదలై, డబ్బాల మోతతో సాగి, టార్చిలైట్లతో ముగుస్తుంది. మూలం చదవకుండా రాసిన వ్యాఖ్య ఇది. రాసేవాడిని తప్పు పట్టను. పంట పోయేది అతనిది, ప్రాణం పోతే అదీ అతనిదే. టపాసును కొత్తలో ఏనుగు మన్నిస్తుంది, అలవాటయ్యాక అదీ వినికిడిలో ఒక భాగమైపోతుంది.

2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన, అడవి ఏనుగులను మళ్ళించేందుకు తర్ఫీదు పొందిన నాలుగు కుంకీ ఏనుగులు దేవా, కృష్ణ, అభిమన్యు, రంజన్ పలమనేరు దగ్గరి ముసలిమడుగు శిబిరానికి చేరాయి. మొదటి పాదం వినగల వ్యాఖ్యాతలు అంటే నిజానికి వీరే. గ్రంథం రాయరు.

తాత్పర్యం

"నేనిక్కడున్నాను, మీరెక్కడ? మనిషి వాసన వస్తోంది. బిడ్డను నడిమధ్యకు తీసుకోండి. దారి వదలండి, లేదా నేను చేసుకుంటాను." టమోటా తోట ప్రస్తావన మూలంలో ఎక్కడా లేదు. అది దారిలో ఉంది, అంతే.

పాఠకులకు విన్నపం: నాలుగో పాదం దాకా చదవాలనుకోకండి. రెండో పాదం చెవిన పడగానే అరవకుండా, టార్చి కంట్లో కొట్టకుండా వెనక్కి జరిగి, అటవీశాఖవారికి ఫోన్ చేయండి.