అరిగాను, విరగలేదు

నా పేరు ట్రిగ్గర్. కాపురం టెక్సాస్‌లో, పుట్టిల్లు పెన్సిల్వేనియాలోని మార్టిన్ కార్ఖానా. నైలాన్ తీగల ఎన్-20 రకం గిటార్‌ని. గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో నన్ను కంటితో చూడకుండానే 750 డాలర్లకు కొన్నాడు. కౌబాయ్ సినిమాల రాయ్ రోజర్స్ గుర్రం పేరే నాకూ పెట్టాడు. చూడవచ్చినవాళ్ల కళ్లు మాత్రం నా పొట్ట మీది బొక్క దగ్గరే ఆగిపోతాయి. నాదం పలికే గుండ్రటి రంధ్రం నాలాంటి గిటార్లకు ఉంటుంది. దానికీ, తీగలు కట్టే బ్రిడ్జికీ మధ్య నాకు ఇంకొకటుంది. నా జాతి గిటార్లను వేళ్లతో మీటాలి గనక మీటుబిళ్ల (పిక్) గీసుకోకుండా అడ్డుపలక పెట్టరు. విల్లీ ఏమో పిక్ పట్టాడు. రెండు మూడు మిల్లీమీటర్ల స్ప్రూస్ పలక కచేరీకింత చొప్పున రాలి, చివరికి చిల్లు పడింది. దాని అంచు అప్పడంలా పలచబడింది, లోపలి బద్దీలు బయటికే కనిపిస్తాయి. బంగారంలాంటి గిటార్‌ని పాడుచేశాడని నొచ్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: అరగడం వేరు, పాడవడం వేరు.

నాకు ముందు ఆయన వాయించిన బాల్డ్‌విన్ గిటార్ సంగతే చూడండి. హెలోట్స్ ఊళ్లో తాగిన మనిషెవడో దాన్ని తొక్కాడు. నాష్‌విల్‌కు మరమ్మతుకు పంపితే ఇక బాగుపడదన్నారు, అందులోని, తీగల ధ్వనిని పట్టే పికప్‌ను తీసి నాకు అమర్చారు. ఐదు దశాబ్దాలు దాటిన మీటుడు నన్ను చంపలేకపోయింది, దాన్ని ఒక్క అడుగు చంపేసింది. దాచిపెట్టిన వస్తువుకైనా ఈ గండం తప్పదు. మార్టిన్ మ్యూజియంలో భద్రంగా ఉన్న 1870ల నాటి గిటార్‌ను 'ది హేట్‌ఫుల్ ఎయిట్' సినిమాకు అరువిచ్చారు. పగలగొట్టే సన్నివేశం వచ్చేసరికి దాని చోట నకలు పెట్టాల్సింది. పెట్టలేదు, అసలుదే ముక్కలైంది. అన్నేళ్లు ఒంటి మీద గీత పడకుండా ఉండి అది ఏం బావుకుంది?

పెట్టెలో ఉన్నంత మాత్రాన మాకు వయసు ఆగదు. నైలాన్ తీగలు ఆరూ కలిసి సుమారు 40 కిలోల బలంతో పలకను లాగుతుంటాయి, మీటినా మీటకపోయినా. గాలి ఎండితే చెక్క ముడుచుకుని పగులుతుంది, చెమ్మ ఎక్కితే ఉబ్బుతుంది. అందుకే 45 నుంచి 55 శాతం తేమ ఉండాలంటారు. రోజూ ఒళ్లోకి తీసుకునేవాడికి సన్నని చీలికైనా చేతికి తగులుతుంది, మూలుగు మారితే చెవికి తెలుస్తుంది. పెట్టెలోనైతే ఎవరికి తెలియాలి? మీ బీరువాల్లో పట్టుచీరల గతీ అంతేగా! కట్టకుండా దాచినది మడత మీదే చీలుతుంది. వీణ చేసేవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. ఇరవై నాలుగు మెట్లనూ మైనంలో నిలుపుతారు, మైనం సడలితే మెట్లను మళ్లీ కుదురుస్తారు, దాన్నే మేళం కట్టడమంటారు. వాడితే అరుగుతుందని ముందే లెక్క వేసుకున్న పనితనం అది.

అమ్మకం ధర పడిపోదా అంటారు. పడిపోతుంది. రాక్ గాయకుడు కర్ట్ కొబేన్ వాయించిన 1959 నాటి మార్టిన్ 2020 వేలంలో 60 లక్షల డాలర్లకు పోయిందని నేను వాదించవచ్చు గానీ, అది ఆ చేతికి కట్టిన వెల. మామూలు మనిషి గీతలకు అంత పలకదు. అమ్మే ఉద్దేశంతో కొన్నవాడు గుడ్డ కప్పి ఉంచుకోవడమే సబబు, అతనితో నాకు పేచీ లేదు. ఫెండర్ వాళ్లు 1995 నుంచి కార్ఖానాలోనే పెయింట్ గీకి, పాతబడినట్టు చేసి అమ్ముతున్న గిటార్లను చూస్తేనే నవ్వొస్తుంది: ఊయల్లోనే నెరిసిన గడ్డం!

దొరకని చెక్కనైనా కాపాడాలి కదా అన్నది ఇంకాస్త గట్టి మాట. నా వీపూ పక్కలూ బ్రెజిల్ రోజ్‌వుడ్, 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. కానీ పిక్ తినేది ముందరి స్ప్రూస్‌ను, వేళ్లు అరగదీసేది మెట్లను. రోజ్‌వుడ్ జోలికి ఏదీ పోదు. ఇక ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్న 1716 నాటి 'మెస్సయ్య' వయొలిన్ అంటారా, అది దాదాపు కొత్తగా మిగలబట్టే దాన్ని చేసిన స్ట్రాడివారి వార్నిష్ ఎలా ఉండేదో ఇవాళ్టి పనివాళ్లు చూడగలుగుతున్నారు. అలాంటిది ఒకటో రెండో ఉండాలి, ఒప్పుకుంటాను. విద్వాంసుడు పగనీని వాయించిన 1743 నాటి 'కానోనే' వయొలిన్‌ను మాత్రం జెనోవా నగరం ఇప్పటికీ బయటికి తీసి పలికిస్తోంది. నా ఓటు దానికే.

ఇంత మాట్లాడానని మొరటు చేతులకు నన్ను అప్పగించకండి. 1977 నుంచి ఆస్టిన్‌లో మార్క్ ఎర్ల్‌వైన్ నా లోపల బద్దీలు సరిచేస్తూ, బొక్క అంచుకు పూత వేస్తూ రాకపోతే ఈ చిల్లు ఏనాడో బ్రిడ్జిని మింగేది. గాయకుడు లియోన్ రస్సెల్ మొదలు చాలామంది నా మీద సంతకాలు చేశారు. చెయ్యి ఎటు ఆనితే అటువైపువి చెరిగిపోతాయి, ఉన్నన్నాళ్లే ఉంటాయి. నేను పోతే తానూ మానేస్తానని విల్లీ అన్నాడు. ఆయనకు తొంభై దాటాయి. ఆ అంచు దగ్గర పూత మళ్లీ పలచబడినట్టుంది, ఆస్టిన్ వెళ్లాలి.