గూడెం బడి సందర్శన వ్రత విధానం

ముందు ముహూర్తం. డిసెంబరు, జనవరి శ్రేష్ఠం. అమెరికాలో సెలవులు, భద్రాచలంలో ముక్కోటి. ఒకే టికెట్టు మీద ఉత్తర ద్వార దర్శనమూ, బీద పిల్లల దర్శనమూ అయిపోతాయి. శ్రీరామనవమికి వద్దామనుకునేరు! అప్పటికి ఇప్పపూలు రాలుతుంటాయి. తెల్లారకముందే పిల్లలు బుట్టలు పట్టుకుని చెట్ల కిందకి వెళ్లిపోతారు. మిగిలేవి బల్లలు, బల్లలతో ఫొటో ఏం బావుంటుంది? మే అసలే వద్దు. బడికి సెలవులు, ఊరికి తునికాకు పని. వానాకాలంలో వాగులు దాటాలి. ఆ సాహసం రోజూ వచ్చే సారుకే వదిలేయండి.

రైల్లో వస్తే భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగుతారు. అది ఉన్నది కొత్తగూడెంలో. కంగారుపడకండి, ఇంకో 40 కిలోమీటర్లు కారులో పోతే గోదావరి వంతెన, ఆవల రాముడు. దర్శనం చేసుకుని, టిఫిన్ ముగించి, తీరిగ్గా చర్ల రోడ్డు పట్టండి. పొద్దున తొమ్మిదింటి నుంచి పిల్లల్ని వరసలో నిలబెట్టామని సారు ఫోన్ చేస్తారు. చేయనివ్వండి. వేళకు వచ్చేవాడు ముఖ్య అతిథి ఎలా అవుతాడు?

సామగ్రి: నోటుపుస్తకాలు, పెన్సిళ్లు, బిస్కెట్లు, మీ ఫొటోతో ఫ్లెక్సీ. ఫ్లెక్సీ పెద్దదే వేయించండి. మీరు తెచ్చినవాటిలో ఎక్కువకాలం పనికొచ్చేది అదే, వానకి ఎవరో ఒకరు ఇంటి మీద కప్పుకుంటారు. బడికి ఏం కావాలని మాత్రం ముందుగా అడగొద్దు. అడిగితే సారు చెప్పేస్తారు: అయిదు తరగతులకీ తానొక్కడినేనని, కోయ భాష వచ్చిన అమ్మాయినెవరినైనా పెడితే చిన్నపిల్లలు నిలబడతారని, నెలనెలా ఆమె జీతం మీరివ్వగలరా అని. నెల జీతం ఫొటోలో పడదే!

ఇంకో చిక్కు. 2005లో సల్వాజుడుం హింస మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి వచ్చిన కుటుంబాల పిల్లలూ ఆ వరసలో ఉండొచ్చు. సరిహద్దుకి ఇవతల వాళ్లకి ఎస్టీ సర్టిఫికెట్ పుట్టడం గగనం. ఆ సంగతి కదిపితే ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగాలి. ఆ పిల్లలకి రెండు బిస్కెట్లు ఎక్కువివ్వండి.

ఇక ప్రధాన ఘట్టం, పంపిణీ. ఒక్కో పుస్తకం మీద కనీసం ఆరు చేతులుండాలి, అయిదు దాతలవి, ఒకటి పాపది. పాప అందుకోగానే వదిలేయకండి. కెమెరా అబ్బాయి సరేననేదాకా మీ చివర మీరు పట్టుకునే ఉండండి. నవ్వమని తెలుగులో చెప్పండి. అర్థం కాకపోతే అదే తెలుగు ఇంకాస్త గట్టిగా చెప్పండి. అప్పటికీ బిక్కమొహం వేస్తే, వంటమనిషి పొయ్యి దగ్గర్నుంచి కోయలో ఏదో అంటుంది, పాప ఫక్కున నవ్వుతుంది. క్లిక్కుమనిపించండి. ఆ నవ్వు మీదే.

ప్రసంగంలో కలాం పేరు రెండుసార్లు రావాలి. తర్వాత కొమ్ము నృత్యం కావాలనండి. అది పండగలకీ పెళ్లిళ్లకీ అడవిదున్న కొమ్ములు తలకెత్తుకుని ఆడే ఆట అనీ, ఇవాళ మంగళవారం మధ్యాహ్నమనీ ఎవరైనా నసిగితే, మీ తిరుగు ప్రయాణం టైము చెప్పండి. ఆడతారు. కాదనలేక ఆడే ఆటలోనూ అడుగు తప్పకపోవడం కోయల గొప్పతనం, అది వీడియోలో కనిపించదనుకోండి.

పాతకాలపు దాతలకి ఈ నేర్పు లేదు. 1860లలో గోదావరి మీద పడవల దారి పని మీద వచ్చిన ఇంజనీరు హేగ్ పూనికతో దుమ్ముగూడెంలో కోయల కోసం మిషన్ వెలిసింది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ పాదిరి దశాబ్దాలు అక్కడే ఉండిపోయి, వాళ్ల ఆచారాల మీద వ్యాసాలు రాశాడు. వచ్చింది మతం కోసమే, కాదనను. కానీ అన్నేళ్లా! మీకు మూడు గంటలు చాలు, అందులో గంట భోజనం.

ఉద్యాపన దగ్గర ఒక్క జాగ్రత్త. వచ్చే ఏడు మళ్లీ ఈ బడికే రాకండి. మీరిచ్చిన టీవీకి కరెంటు లేదని, వేయించిన బోరు ఉగాదికే పాడైందని సారు తిప్పి చూపిస్తారు. పిల్లలు మిమ్మల్ని పేరు పెట్టి పలకరిస్తారు, వాళ్ల పేర్లు మీకు గుర్తుండవు. ఎందుకొచ్చిన ఇబ్బంది? చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో గూడేలకి కొదవా?