తపాలా బిళ్ళను కాను

నన్ను చూసినవాళ్ళంతా తపాలా బిళ్ళ అనుకుంటారు. కాను. నేను టీబీ సీలును. నా మీదున్న రెండు అడ్డగీతల ఎర్ర శిలువను క్షయ మీద పోరాటానికి గుర్తుగా 1902లో బెర్లిన్ సభలో ఎంచుకున్నారు. మా వంశానికి మూలపురుషుడు డెన్మార్క్ తపాలా గుమాస్తా ఐనార్ హోల్‌బోల్. కుప్పలుగా వచ్చిపడే క్రిస్మస్ ఉత్తరాలు చూసి, ఒక్కోదాని మీద ఇంకో చిన్న బిళ్ళ అంటిస్తే జబ్బుపడ్డ పిల్లలకు ఆసుపత్రి కట్టొచ్చుగదా అనుకున్నాడాయన. 1904లో ఆ బిళ్ళలు 40 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. మన దేశంలో 1950 నుంచి గాంధీ జయంతి నాడు మా అమ్మకం మొదలవుతోంది. అక్కణ్ణుంచి అన్నీ పండగ రోజులే.

నన్ను తమిళనాట కోవిల్‌పట్టిలో ఒక బడిపిల్లవాడి చేతికిచ్చి, అమ్మి డబ్బు తెమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. ఆ కష్టం నాకింకా తీరలేదు. ఈ పైసలు దగ్గుతో మంచాన పడ్డవాళ్ళకని ఒక్క మాట చెప్పుంటే, వాడు తలెత్తుకుని అమ్మేవాడు. ఇల్లిల్లూ తిరిగి, చివరికి మిగిలిన నన్ను తనే కొనుక్కున్నాడు. శివకాశిలో అచ్చయిన పొంగల్ కార్డు కవరు మీద అంటించి, తిరుచ్చులిలో ఉన్న మేనత్తకు పంపాడు. స్టాంపు అంటించలేదు. నేనే స్టాంపుననుకున్నాడు పాపం.

పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి రెట్టింపు రుసుం అడిగాడు. అత్త నన్ను గోటితో గీకి చూసి, "దేనికీ పనికిరాని బిళ్ళ!" అంది. డబ్బులిచ్చి కవరు చింపింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా వాళ్ళ రాత తమిళం. మేనల్లుడి వంకర అక్షరాలు కూడబలుక్కుని చదివి, కార్డునూ కవరునూ ట్రంకుపెట్టెలో కోకల కింద దాచింది.

ఆ చీకట్లోనే విన్నాను, ఆమె పెనిమిటి దగ్గు. రాత్రుళ్ళు ఆగేది కాదు. ఒకప్పుడైతే శానటోరియానికి పంపి, తట్టాబుట్టా వేరు చేసేవాళ్ళు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, మందులు సరిగా వాడితే ఇంట్లో ఉన్నా జబ్బు నయమవుతుందని చూపించింది. ఆయనా ఇంట్లోనే ఉండి, అత్త లెక్కపెట్టి ఇచ్చిన మాత్రలు మింగి లేచి తిరిగాడు. నాకిచ్చిన పైసలు ఆ మాత్రల దాకా చేరాయో లేదో నాకు తెలియదు. చేరాయనే నమ్ముకున్నాను.

ఏళ్ళు గడిచాయి. పండగ కార్డులు పోయి ఫోన్లలో బొమ్మలొచ్చాయి. మొన్న కోడలు పెట్టె దులిపి, పాత పేపర్లవాడి తక్కెట్లో కార్డులన్నీ పడేసింది. నేను బోర్లా పడ్డాను. నా మీద ఇనుపరాయంత బరువున్న పాత పంచాంగాలు.

"అది ఉండనీ అమ్మాయ్, మా అన్న కొడుకు పంపింది." అత్త కర్ర ఆనించి వంగి, నా కవరును బయటికి లాగింది. నా అంచు ఒకటి లేచిపోయింది. ఆమె బొటనవేలు నాలుకకు అద్దుకుని, నన్ను గట్టిగా నొక్కిపట్టింది.