ముందు పక్షం, తర్వాత లెక్క

ఐపీఎల్‌లో ఈ ఏటి మేటి కొత్త ఆటగాడెవరు అన్న వాదనకి కూర్చునేవాళ్లు మొట్టమొదట చెయ్యాల్సిన పని పక్షం పట్టడం. సీజన్ అంతా అయ్యాక పరుగులూ వికెట్లూ ముందేసుకుని, సగటులు బేరీజు వేసి, తీరిగ్గా ఒక పేరు చెబుదామని పెద్దమనుషులు సలహా ఇస్తారు. వినకండి. ఏప్రిల్ నడిమికల్లా మీ కుర్రాణ్ణి ఎంచుకోండి. ఫైనల్ దాకా అతని వెంటే నిలబడండి. పట్టికలో పైనున్న పేరు చదివి వినిపించడానికి అభిమాని అక్కర్లేదు, అక్షరాలొస్తే చాలు.

మా నెల్లూరు తీరంలో దీనికి కాలం కూడా కలిసొస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా మరపడవల మీద వేట నిషేధం. మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె పక్క పాలేల్లో పడవలు ఒడ్డెక్కుతాయి. చేతికి డబ్బు ఆడని రోజులే అవి. వల బాగుచేసుకునే చేతులకి పనుంటుంది గానీ నోటికి ఉండదు. 2024 ఫైనల్ మే 26న, 2025 ఫైనల్ జూన్ 3న జరిగాయి. రెండూ నిషేధం రోజుల్లోనే. ఇంత తీరిక దొరికినప్పుడు మొత్తం పరుగులు లెక్కపెట్టి వాదన ముగించేస్తే ఆటకే అవమానం.

సెల్‌ఫోన్లు పక్కన పెట్టించండి. ఫోన్ చేతిలో ఉన్నవాడు అరనిమిషంలో అంకె తీసి మొహాన కొడతాడు, అక్కడితో మాట ఆగిపోతుంది. అంకె తప్పని నేననను. దాని వంతు చివర్లో వస్తుంది. ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ పిల్లోడు క్రీజులోకి వచ్చేటప్పటికి బోర్డు మీద ఎంతుంది? పాతికేళ్లు నిండని కుర్రాడు, పేరు మోసిన బౌలర్ ఎదురుగా, జట్టు కుదేలైపోతుంటే ఏం చేశాడన్నదే కొత్త ఆటగాడి విలువ. మూడొందలు కొట్టిన జట్టులో నలభై కలిపినవాణ్ణి చూసి చప్పట్లు కొడదాం. ఓటు మాత్రం దాచుకుందాం.

2024 తీసుకోండి. ఆ ఏడు మేటి కొత్త ఆటగాడి అవార్డు విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి వచ్చింది. సన్‌రైజర్స్ అతన్ని 20 లక్షలకి కొనుక్కుంది. సీజన్ మొత్తం మీద 303 పరుగులు, 3 వికెట్లు. పట్టిక నమ్ముకున్నవాళ్లకి ఇది మింగుడుపడలేదు. ఢిల్లీ తరఫున జేక్ ఫ్రేజర్ మెక్‌గర్క్ తొమ్మిదే మ్యాచ్‌ల్లో, 234 స్ట్రైక్ రేట్‌తో 330 కొట్టాడు. హర్షిత్ రాణా 19 వికెట్లు తీశాడు, అతని కోల్‌కతా కప్పు కూడా ఎత్తింది. ఇద్దరూ మంచి ఆటగాళ్లే. అయినా తలొంచకండి. ఏప్రిల్ 9న ముల్లన్‌పూర్‌లో పంజాబ్ మీద హెడ్, మార్‌క్రమ్, అభిషేక్ ముగ్గురూ తొందరగా వెళ్లిపోతే, ఇరవయ్యేళ్ల నితీశ్ 37 బంతుల్లో 64 చేశాడు. జట్టు 182కి చేరింది, 2 పరుగులతో గెలిచింది. మే 2న హైదరాబాద్‌లో రాజస్థాన్ మీద 42 బంతుల్లో 76 నాటౌట్. ఆ మ్యాచ్ ఒక్క పరుగుతో దక్కింది. రెండు మ్యాచ్‌లు కలిపి తేడా మూడు పరుగులు, వచ్చింది నాలుగు పాయింట్లు. ఆ ఏడు సన్‌రైజర్స్ పట్టికలో రెండో స్థానంలో నిలిచి ఫైనల్ ఆడింది. ఈ 140 పరుగులు ఉంచుకుని మిగతావన్నీ మర్చిపొమ్మన్నా నేను సిద్ధమే.

మన ఊరివాడని, మన భాషవాడని మొగ్గు చూపకూడదంటారు. చూపండి. అయితే ఏది మనదో ముందు తేల్చుకోవాలి, 2022లో అది పెద్ద పేచీ అయింది. తిలక్ వర్మ హైదరాబాద్ కుర్రాడు, ఆడింది ముంబైకి. ఉమ్రాన్ మాలిక్ జమ్మూ కుర్రాడు, ఆడింది హైదరాబాద్‌కి. మట్టి మనదా, చొక్కా మనదా? నా సలహా మట్టికే కట్టుబడమని. చొక్కా వేలంలో చేతులు మారుతుంది. ఏ రంగు కట్టినా తిలక్ మన కుర్రాడే.

అవార్డు ఉమ్రాన్‌కి వెళ్లింది. 14 మ్యాచ్‌ల్లో 22 వికెట్లు, గంటకి 157 కిలోమీటర్ల బంతి. అతన్ని చిన్నబుచ్చే మాట ఒక్కటి కూడా అనొద్దు. ఏప్రిల్ 27న గుజరాత్ మీద పడిన అయిదు వికెట్లూ అతనివే, 25 పరుగులకి. మ్యాచ్ ఓడిపోయినా ఆ రాత్రి మేటి ఆటగాడు అతనే. అది నా ప్రశ్నకి నిలబడే ఆట, ఒప్పుకుంటాను. ఇక తిలక్ పరిస్థితి చూడండి. పందొమ్మిదేళ్ల వయసు, మొదటి సీజన్, ముంబై వరసగా ఎనిమిది మ్యాచ్‌లు ఓడింది. చివరికి పట్టికలో అట్టడుగున నిలిచింది. అటువంటి జట్టులో 397 పరుగులు చేశాడు. వాటిల్లో నేను పట్టుకునేది రాజస్థాన్ మీద కొట్టిన 61 కాదు. మే 12న చెన్నై 97కే కూలిపోయింది. తిరిగి ముంబై 33కి నాలుగు వికెట్లు పోగొట్టుకుంది. అప్పుడు తిలక్ నిదానంగా, ఒక్కో పరుగు కూడబెట్టుకుంటూ 34 నాటౌట్‌గా నిలిచి గెలిపించాడు. పట్టికలో ఆ 34 ఎవడి కంటికి ఆనుతుంది?

ఇచ్చేసిన అవార్డుని మళ్లీ కెలకొద్దని కూడా చెబుతారు. కెలకండి, ఏటేటా కెలకండి. 2025 సెప్టెంబరులో దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్, పాకిస్తాన్ మీద 147 కొట్టాలి. భారత్ 20కే మూడు వికెట్లు పోగొట్టుకుంది. తిలక్ 69 నాటౌట్‌గా నిలిచి పని పూర్తి చేశాడు. 2022 మే నెలలో ఆ 34 చూసినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. అప్పుడే చెప్పాం కదా అనే హక్కు పక్షం పట్టినవాడికే ఉంటుంది.

బౌలర్ని వెనకేసుకొచ్చే మనిషిని ఒకణ్ణి తప్పకుండా కూర్చోబెట్టండి. 2016లో ముస్తాఫిజుర్, 2017లో బాసిల్ థంపి లాంటివాళ్లు గెలిచినా, ఈ అవార్డు ఎక్కువసార్లు బ్యాటు పట్టినవాళ్లకే పోయింది. ఆ మనిషి లేకపోతే మిగిలేది సిక్సర్ల కబుర్లే.

ఈ చర్చలో మా నెల్లూరులో పుట్టిన అశ్విన్ హెబ్బార్ పేరు ఎత్తకుండా లేవకండి. ఆంధ్రకి ఓపెనింగ్ చేసినవాడు. 2022లో ఢిల్లీ అతన్ని 20 లక్షలకి తీసుకుంది, ఒక్క మ్యాచ్‌లోనూ దించలేదు. అవార్డు ఇమ్మని అడగడంలేదు. బెంచీ మీద కూర్చున్నవాడు కూడా ఆ ఏటి కొత్తవాడే, లెక్కలో అతనికొక గీత ఉండాలి.

అసలు కొత్తవాడంటే ఎవరన్న పేచీ అమెరికా బేస్‌బాల్‌లోనూ ఉంది. అక్కడి కొత్త ఆటగాడి అవార్డు 1947లో మొదలైంది. తొలిసారి అందుకున్న జాకీ రాబిన్సన్‌కి అప్పటికే 28 ఏళ్లు. 1987 నుంచి అది ఆయన పేరుతోనే ఉంది. 2003లో హిడేకి మత్సుయి యాంకీస్‌కి వచ్చాడు. జపాన్‌లో పదేళ్లు ఆడి, 332 హోమ్ రన్లు కొట్టినవాడు కొత్తవాడెలా అవుతాడని ఇద్దరు విలేకరులు అతని పేరే రాయలేదు. నాలుగు పాయింట్ల తేడాతో అవార్డు ఏంజెల్ బెరోవాకి పోయింది. ఆ ఇద్దరినీ చాలామంది తప్పుపట్టారు. నేను మాత్రం వాళ్ల వైపే. నిబంధన ఏం చెప్పినా, కంటికి కొత్తగా కనబడనివాణ్ణి కొత్తవాడని రాయడం ఎందుకు?

మన నిబంధన ప్రకారం సీజన్ మొదలయ్యేనాటికి 25 ఐపీఎల్ మ్యాచ్‌లు దాటకూడదు. 2025కి ముందు సాయి సుదర్శన్ ఆడినవి సరిగ్గా 25. అంతకుముందు ఏడే 527 పరుగులు చేసి ఉన్నాడు. 2025లో 759 కొట్టి ఆరెంజ్ క్యాప్‌తోబాటు ఈ అవార్డూ పట్టుకెళ్లాడు. ఆట గొప్పది. కానీ నాలుగో సీజన్ ఆడుతున్నవాడికి క్యాప్ చాలు. రెండోది ఇంకొకరికి వదలాల్సింది.

ఎవరికి అంటే, చాలామంది పద్నాలుగేళ్ల వైభవ్ సూర్యవంశీ పేరు చెబుతారు. గుజరాత్ మీద 210 ఛేజింగ్‌లో 35 బంతుల్లో సెంచరీ ఎవరు మర్చిపోతారు? మొదటి బంతికే దిగే ఓపెనర్‌కి నా ప్రశ్న పనికిరాదు కదా, బోర్డు మీద ఎప్పుడూ సున్నాయే కదా అని కూడా అడుగుతారు. ఓపెనర్ విషయంలో అవతలి కొస చూడాలి. 2025 ఏప్రిల్ 8న ముల్లన్‌పూర్‌లో చెన్నై మీద, ఒక కొస నుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతుంటే పంజాబ్ 83కి అయిదు వికెట్లు కోల్పోయింది. రెండో కొసన మొదటి సీజన్ ఆడుతున్న ప్రియాంశ్ ఆర్య 39 బంతుల్లో సెంచరీ చేశాడు. జట్టు 219కి చేరి, 18 పరుగులతో గెలిచింది. సీజన్ మొత్తం అతనివి 475, అంటే సుదర్శన్ కంటే 284 తక్కువ. 2025కి నా ఓటు ప్రియాంశ్‌కే.