మనిషిని సూడంగనే జెప్తా

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మా సేటుకు పైపులు, మోటార్ల దుకాణం. ఎల్లారెడ్డిలో ఇంకోటి. రెండింట్లో కలిపి ఎప్పుడూ ఒక మనిషి తక్కువే. అందుకే ఏడాది పొడుగునా ఇంటర్వ్యూలు నడుస్తుంటాయి. పక్క దుకాణం నాది కాబట్టి నేనే బోర్డు మెంబర్ని. చాయ్ తాగడం, అడిగినప్పుడు తలూపడం నా డ్యూటీ.

సేటు ప్రశ్నలు మూడే. "ఏ ఊరు? ఎవలి కొడుకువు? ఎల్లారెడ్డిల ఉంటవా?" మొదటి రెండింటికీ జవాబు ఆయనే చెప్పుకుంటాడు. "తాడ్వాయా? మీ తాత నాకు ఎర్కే!" చిక్కంతా మూడోదాని దగ్గరే. కామారెడ్డి పిల్లలు ఎల్లారెడ్డికి పోరు. ఎల్లారెడ్డి పిల్లలేమో ఎట్లాగూ ఇంత దూరం వచ్చాం కదా అని సికింద్రాబాద్ రైలెక్కేస్తారు.

ఆ పైన మొదలయ్యేది సేటు జీవిత చరిత్ర. బెల్లం బస్తాలు మోసిన రోజుల నుంచి మొదలుపెట్టి, మోటారు కంపెనీ వాళ్లు బ్యాంకాక్ తీసుకుపోయిన దాకా. అభ్యర్థి నోట "అవ్ సేటు" తప్ప వేరే మాట రాదు. అరగంటకు సేటు నా చెవిలో తీర్పు చెప్తాడు: "పిలగాడు మంచోడు. మాట ఇంటుండు."

అట్లా మాట విన్నవాళ్లు దసరా నుంచి ఐదుగురు చేరారు. ఐదుగురూ చెప్పాపెట్టకుండా పోయారు. "లెక్క వచ్చో రాదో ఒక్కణ్నన్నా అడిగినవా?" అంటే, "అడుగుడేంది? మనిషిని సూడంగనే జెప్తా" అంటాడు. "కామారెడ్డిల ఇంటర్వ్యూ అంటే అల్కటి ముచ్చటనా? 2023ల కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరు నిలవడితే ఇద్దర్నీ ఫెయిల్ జేసినం!"

మొన్నొక పిలగాడొచ్చాడు. చరిత్ర మంచి పట్టు మీదుండగా ఒక రైతు పగిలిన ప్లాస్టిక్ ముక్క పట్టుకొచ్చాడు. "గిసొంటిదే ఇంకోటియ్యి సేటు."

"జర ఆగు పటేలా" అని సేటు మళ్లీ బెల్లం బస్తాల్లోకి వెళ్లిపోయాడు.

పిలగాడు లేచి ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మోటరు మూతికాడ పలిగిందా కాకా? ఆడ అదురుడుకు ప్లాస్టిక్‌ది ఆగదు. ఇనుపది కొండవో." రైతు ఇనుపది కొన్నాడు, దానితో పాటు టేపు చుట్ట కూడా. పిలగాడు పైసలు లెక్కపెట్టి సేటు చేతిలో పెట్టి, వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు.

ఆ దుకాణానికి కావలసిన ఇంటర్వ్యూ ఆ రెండు నిమిషాల్లో అయిపోయింది. సేటు పైసలు గల్లాలో వేసుకున్నాడు గానీ ఇంటర్వ్యూ చూడలేదు.

"నడుమల లేసిండు సూసినవా? నిలకడ లేదు" అన్నాడు వాడు పోయాక. నేను తలూపాను.

నాలుగో రోజు ఎదురు దుకాణంలో గల్లా ముందు ఆ పిలగాడే! సేటు మరిచిపోయే సగం ముచ్చట నాకు గుర్తొచ్చింది. డిసెంబర్ 3న కామారెడ్డిలో ఫెయిలైన రేవంత్ రెడ్డి, కొడంగల్‌లో పాసై, 7న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. అక్కడా నాలుగు రోజులే.

ఇంతలో మొన్నటి రైతు సేటు గడపలో కాలు పెట్టి, లోపలికి తొంగిచూసి, మాట్లాడకుండా రోడ్డు దాటాడు.

సేటు మీసం దువ్వాడు. "సూసినవా, నేను ఇంటర్వ్యూ జేసిన పిలగాడు ఎట్ల పంజేస్తుండో! మనిషిని సూడంగనే జెప్తా అన్ననా లేదా?"

నేను తలూపాను.